రెండుసార్లు తిరిగివచ్చే ఫంక్షన్లు

ఒక్కసారి పిలిస్తే ఒకటికంటే ఎక్కువసార్లు రిటర్న్ కాగల ఫంక్షన్లు సీ భాషలో కొన్ని ఉన్నాయి. వాటిలో పేరున్నది సెట్‌జంప్. పిలిచిన వెంటనే 0 ఇస్తుంది. తర్వాత ఎంత లోతు ఫంక్షన్‌లో ఉన్నా, అక్కడ లాంగ్‌జంప్‌ను పిలిస్తే ప్రోగ్రామ్ మళ్లీ సెట్‌జంప్ దగ్గరే తేలుతుంది. ఈసారి వచ్చే విలువ 0 కాదు. సీలో ఎక్సెప్షన్లు లేవు కాబట్టి లువా, పోస్ట్‌గ్రెస్, లిబ్‌పీఎన్‌జీ వంటివి లోపాలొచ్చినప్పుడు బయటపడడానికి ఈ దారినే వాడుకున్నాయి.

సెట్‌జంప్ దాచేది చాలా తక్కువ. ఎక్స్86-64 లినక్స్‌లో ఆరు సాధారణ రిజిస్టర్లు, స్టాక్ పాయింటర్, తిరిగి రావలసిన చిరునామా: ప్రధానంగా ఇంతే. స్టాక్‌లో ఉన్నదాన్ని కాపీ చేయదు. చిక్కంతా ఇక్కడే. సెట్‌జంప్ తర్వాత మార్చిన లోకల్ వేరియబుల్ రిజిస్టర్‌లో ఉంటే పాత విలువకు పోతుంది, మెమరీలో ఉంటే కొత్త విలువే నిలుస్తుంది. ఎక్కడ ఉంచాలో నిర్ణయించేది కంపైలర్. అందుకే ఆప్టిమైజేషన్ లేకుండా సవ్యంగా నడిచిన ప్రోగ్రామ్ ఓ2 పెట్టగానే తప్పుడు జవాబు చెప్పవచ్చు. అలాంటి వేరియబుల్‌ను వోలటైల్‌గా ప్రకటించకపోతే దాని విలువ అనిశ్చితమని సీ ప్రమాణం చెప్పేసింది. భారంలో పెద్ద వాటా ప్రోగ్రామర్ మీదే పడిందన్నమాట.

మార్చని వేరియబుల్ విషయంలో మాత్రం బాధ్యత కంపైలర్‌దే. ఒక విలువతో ఇక పని లేదనుకుని దాని స్టాక్ చోటును మరో విలువకు ఇచ్చేస్తే, రెండో రాకలో పాతది దొరకదు. ఎల్‌ఎల్‌వీఎం కంపైలర్ సెట్‌జంప్ కాల్ ఉన్న ఫంక్షన్‌లో ఆ చోట్ల పంపకాన్నే మానేస్తుంది. జీసీసీ మరో అడుగు ముందుకేసి, లాంగ్‌జంప్ చేయగల ప్రతి కాల్ నుంచీ సెట్‌జంప్ వైపు కంట్రోల్ ఫ్లో గ్రాఫ్‌లో అసాధారణ అంచులు గీస్తుంది. సెట్‌జంప్‌ను పిలిచే ఫంక్షన్‌ను ఇన్‌లైన్ చేయడానికీ వెనకాడుతుంది. విలువ చెడే ప్రమాదం కనిపిస్తే క్లాబర్డ్ అనే హెచ్చరిక ఇస్తుంది. సొంతంగా రాసుకున్న ఇలాంటి ఫంక్షన్లను రెండు కంపైలర్లలోనూ ‘రిటర్న్స్ ట్వైస్’ గుర్తుతో ప్రకటించవచ్చు.

ఫోర్క్ కూడా రెండుసార్లు తిరిగొస్తుంది, కానీ రెండు వేర్వేరు ప్రాసెస్‌లలో, ఎవరి మెమరీ వారిది. కంపైలర్‌కు బెంగ లేదు. వీఫోర్క్‌లో పిల్ల ప్రాసెస్ తల్లి స్టాక్ మీదే నడుస్తుంది కాబట్టి జీసీసీ దాన్ని సెట్‌జంప్ సరసన చేర్చింది.

లాంగ్‌జంప్ వెనక్కి దూకేది పరోక్ష జంప్‌తోనే. అలాంటి జంప్ దిగే ప్రతిచోటా ఎండ్‌బీఆర్64 అనే సూచన ఉండాలన్న ఇంటెల్ రక్షణ వచ్చాక, దాన్ని ఆన్ చేస్తే సెట్‌జంప్ కాల్ పక్కనే కంపైలర్ ఆ సూచనను కూడా పెడుతుంది.