పరిగె ఏరిన చరిత్ర

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పుస్తకం బైబిలు. మా అమ్మకి చదువు రాదు. నాకు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చీరాగానే, రాత్రి అన్నాలయ్యాక కిరసనాయిలు దీపం ముందు కూచోబెట్టి "చదువమ్మే" అనేది. పొద్దంతా వరి కోసి వచ్చిన మనిషి, నడుము గోడకి ఆనించి కళ్లు మూసుకుని వినేది.

ఒకరోజు రూతు కథ చదివాను. మొగుడు చచ్చిపోయిన రూతు అత్తని వదల్లేక పరాయి ఊరొచ్చి, కోత కోసేవాళ్ల వెనకాల పరిగె ఏరుకుంటుంది. పొలం ఆసామి బోయజు ఆమెని చూసి, ఆమె జోలికి పోవద్దని తన పనివాళ్లకి చెబుతాడు. పాస్టరుగారు ఈ కథ ఎత్తుకుంటే అత్తాకోడళ్ల ప్రేమ గురించి, బోయజు మంచితనం గురించి చెప్పేవారు. మా అమ్మ రెండే మాటలంది. "పరిగె ఏరిందంటే రూతు మన మనిషే." కాసేపాగి, "జోలికి పోవద్దని చెప్పాడంటే, పోయేవోళ్లు ఉండబట్టేగదా" అంది.

ఆ తర్వాత నేను ఎం.ఏ. దాకా చదివాను. విమర్శ పుస్తకాలు చాలానే తిరగేశాను. కథలో చెప్పకుండా వదిలిన మాటని మా అమ్మలాగా పట్టుకున్నవాళ్లు నాకు కొద్దిమందే తగిలారు.

హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేటప్పుడు లైబ్రరీలో 'నీలిమేఘాలు' దొరికింది. 1993లో ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన స్త్రీవాద కవితల సంకలనం. ఒక్క రాత్రిలో చదివేశాను. ఆడదాని ఒళ్లు సిగ్గుపడాల్సింది కాదని నాకు చెప్పిన మొదటి పుస్తకం అది. ఆ రుణం నేను కాదనను. అయితే స్త్రీవాదం చదువుతున్నకొద్దీ ఒక చోట ఆగిపోయేదాన్ని. స్త్రీని వంటింట్లో బంధించారు అనే చోట. మా అమ్మకి బంధించడానికి వంటిల్లేదీ? వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి. పొద్దు పొడవకముందే గంజి కాచి, కలుపుకో నాటుకో పోయేది. ఆ పుస్తకాల్లో ఆడవాళ్లకి గడప దాటి బయటికి రావడం విముక్తి. మా అమ్మకి పొలం నుంచి గడప దాకా క్షేమంగా చేరడమే పెద్ద పని.

బళ్లో పిల్లలకి 1881 డిసెంబరు 11న వీరేశలింగం రాజమండ్రిలో జరిపించిన వితంతు వివాహం గురించి చెబుతుంటాను. గొప్ప సంగతే. కానీ మా వాడలో మా నాయనమ్మ మారుమనువు చేసుకుంది. ఆమెకి ఏ సంస్కర్తా అక్కర్లేకపోయింది. ఆమె ఏ పాఠంలోనూ లేదు. స్త్రీల చరిత్ర అని మనం చదువుకున్నది ఏ స్త్రీల చరిత్ర?

సరే, స్త్రీవాదంలో మా అమ్మ లేదు, దళిత ఉద్యమంలో ఉంటుంది అనుకున్నాను. ఆశగా వెతికాను.

కారంచేడు మాకు దూరం కాదు. నేను పుట్టక ముందటి మాట. 1985 జులై 16న మాదిగలు తాగే నీళ్ల చెరువు దగ్గర కమ్మ కుర్రాళ్లు గేదెకి కుడితి పెట్టి, ఆ బకెట్టు కడిగిన మురికి చెరువులోకి వదులుతున్నారు. ఇదేమని అడిగిన మాదిగ కుర్రాణ్ణి కొట్టారు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త అడ్డం వెళ్లింది. ఆమె మీదికీ చెయ్యి లేస్తే బిందె ఎత్తింది. మర్నాడు వాడ మీద పడి ఆరుగుర్ని చంపారు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. బతికినవాళ్లు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. అక్కణ్ణించే దళిత మహాసభ పుట్టింది. కళ్లారా చూసిన సాక్షి అలిశమ్మని తర్వాత చంపేశారు. సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి 2008 అయింది. ఇరవైమూడేళ్లు.

"ఆ నెలంతా చెరువుకి గుంపుగానే పోయాం. ఒక్కదాన్ని పంపితే ఒట్టు" అని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

మొదట బిందె ఎత్తింది ఆడమనిషి. సాక్ష్యం కోసం ప్రాణం పోగొట్టుకుంది ఆడమనిషి. మరి సభల్లో మైకు ముందు ఎవరున్నారు? ఉద్యమ చరిత్ర అని రాసిన పుస్తకాల్లో సువార్తకి ఎన్ని పేజీలిచ్చారు? ఆమె బిందె ఎత్తిన క్షణం దగ్గర మొదలుపెట్టి, రెండో పేజీకల్లా ఆమెని మర్చిపోయిన వ్యాసాలు నేను చాలా చదివాను.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. నా సహచరుడు ఉద్యమంలో ఉన్న మనిషి. మాది ఇష్టపడి చేసుకున్న పెళ్లి. గోడ మీద అంబేద్కర్ ఫొటో ఆయనే తగిలించాడు. ఒక ఏప్రిల్ 14న సభలో సువార్త గురించి అరగంట మాట్లాడాడు. జనం కళ్లు తుడుచుకున్నారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎనిమిదిమంది కూచుని ఆ ముచ్చటే కొనసాగించారు. నేనూ ఒక మాట అనబోయాను. "నీకు తెలీదులే, ముందు టీ పెట్టు" అన్నాడు. పెట్టాను. పదిమందిలో పరువు పోతుందని పెట్టాను.

తర్వాత అడిగితే, "ఇంటి సంగతులు బయటేస్తే వాళ్ల చేతికి రాయి ఇచ్చినట్టే" అన్నాడు. ఈ మాటని నేను తేలిగ్గా తీసుకోను. మా మగవాళ్లని తాగుబోతులుగా, మొరటువాళ్లుగా చూపించడానికి కాచుకుని కూచున్నవాళ్లు ఉన్నారు. వాళ్లకి నేను సాక్ష్యం చెప్పను. కానీ నోరు మూసుకోవడం కూడా ఒక సాక్ష్యమే. అది నాకు వ్యతిరేకంగా నేనే చెప్పుకునే సాక్ష్యం.

ఆ ఫొటోలోని మనిషే 1942 జులై 20న నాగపూర్ దళిత మహిళల సభలో, ఒక సమాజం ఎంత ముందుకు పోయిందో ఆ సమాజంలోని ఆడవాళ్లని చూసి కొలుస్తానన్నాడు. భార్య భర్తకి స్నేహితురాలిగా, సమానురాలిగా నిలబడాలనీ, బానిసగా ఉండనని చెప్పాలనీ అన్నాడు. హిందూ కోడ్ బిల్లుని నీరుగార్చినప్పుడు 1951లో మంత్రి పదవే వదులుకున్నాడు. ఫొటో తగిలించినంత సులువు కాదు ఆ మాటల్ని ఇంట్లోకి తెచ్చుకోవడం.

మహారాష్ట్రలో బేబీ కాంబ్లే తన కొట్టులో కూచుని మహర్ల బతుకు రాసింది. రాసిన కాగితాల్ని ఏళ్ల తరబడి మొగుడికి తెలియకుండా దాచింది. 1986లో అది 'జిణ ఆముచ' పుస్తకంగా వచ్చింది. అందులో ఊరు చేసిన దౌర్జన్యమూ ఉంది, ఇంట్లో మగవాళ్లు చేసిన దౌర్జన్యమూ ఉంది. ఆ పుస్తకం వల్ల అంబేద్కర్ ఉద్యమం చిన్నదైందా? కాలేదు. మన దగ్గర 2003లో గోగు శ్యామల 'నల్లపొద్దు' తెచ్చింది. 1921 నుంచి దళిత స్త్రీలు రాసినవాటిని ఒక్కచోట చేర్చింది. కోత కోసి కుప్ప వేసుకున్నవాళ్లు వదిలేసిన గింజల్ని వంగి వంగి ఏరడం అది. మా అమ్మ భాషలో పరిగె. మా చరిత్ర మాకు దొరికే దారి ఇంతవరకూ అదే.

ఈ వ్యాసం నా సహచరుడు చదివాడు. రెండ్రోజులు మాట్లాడలేదు. చింపెయ్యమని మాత్రం అనలేదు.

అమ్మకి చదివి వినిపించాను. ఎప్పట్లాగే గోడకి ఆనుకుని, కళ్లు మూసుకుని వింది. అంతా అయ్యాక, "కలుపుకి పోయానని రాశావు గానీ, కూలి ఎంతిచ్చేవోళ్లో రాయలేదేందమ్మే?" అంది.

మగవాళ్లకి ఇచ్చినదాంట్లో సగం. ఇదిగో, రాశాను.