కణేకల్ నుంచి జాషువా: ‘వంతెన’ అనే మాట వెనుక

కణేకల్ ఈనాడు అనంతపురం జిల్లాలో ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా రాయదుర్గం తాలూకాతో పాటు బళ్లారి జిల్లాలో ఉండేది. హగరి ఇసుక పొలాల మీదికి పాకే నేల ఇది. బడిలో తెలుగు, సంతలో కన్నడం, ముస్లింల ఇళ్లలో దక్కనీ ఉర్దూ. సంస్కృతుల కలయిక మీద ఉపన్యాసం ఇచ్చేవాళ్లకు ఇంతకన్నా అనువైన ఊరు దొరకదు. అయితే ఇదే జిల్లాలో టీ హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి నడిచింది. భాషలు కలిసినంత సులువుగా మనుషులు కలవలేదు.

సీమలో మతాల కలయిక పుస్తకాలతో మొదలు కాలేదు. గూగూడు కుళ్లాయిస్వామి పీరుకు అన్ని కులాలవాళ్లూ మొక్కుతారు. ముస్లిం గడప ఒక్కటీ లేని పల్లెల్లో కూడా పీర్లు లేస్తాయి. గుండం చుట్టూ తప్పెట కొట్టేది మాదిగలు. ఇక వీరబ్రహ్మం కథ తెలియనివాళ్లు ఇక్కడ ఉండరు. ఆయన శిష్యుల్లో సిద్దయ్య దూదేకుల బిడ్డ, కక్కయ్య మాదిగ. మతసామరస్యం గురించి రాసే పెద్దలు సిద్దయ్యను తలుచుకున్నంతగా కక్కయ్యను తలుచుకోరు. సిద్దయ్యను తలిస్తే రెండు మతాలు కలిసినట్టు. కక్కయ్యను తలిస్తే ఊరికీ వాడకీ మధ్య గోడ ఉందని ఒప్పుకోవాల్సి వస్తుంది.

వాడలోకి అక్షరం వచ్చిన తోవ వేరు. 1810లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ హ్యాండ్స్ బళ్లారి చేరి, అక్కడే కన్నడ బైబిల్ అనువాదానికి పూనుకున్నాడు. ఇలాంటి మిషన్లు పెట్టిన బడులే తెలుగు జిల్లాల్లో అంటరాని పిల్లల చేత పలక పట్టించాయి. వాళ్ల ఉద్దేశం మతప్రచారమే, దాచాల్సిన పని లేదు. కాకపోతే వేదం విన్న శూద్రుడి చెవిలో సీసం పోయమన్న ధర్మసూత్రాల దేశంలో, చదువుకోమని పిలిచిన బడి ఏదైనా బడే. ఆ తోవ వెంటే, ఇక్కడికి చాలా దూరాన గుంటూరు సీమలో, తెలుగులో మతాల మధ్య అన్నిటికన్నా గట్టి వంతెన కట్టిన ఒక బడిపంతులు తయారయ్యాడు.

గుర్రం జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టాడు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ, పెరిగింది క్రైస్తవంలో. గుంటూరులో లూథరన్ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పనిచేశాడు, తర్వాత తెలుగు పండితుడిగా ఉద్యోగం చేశాడు. కాళిదాసును జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర చదువుకున్నాడు. చర్చివాళ్లకేమో పురాణాలు చదివే క్రైస్తవుడు కంటగింపు. పండితులకేమో పద్యం రాసే పంచముడు కంటగింపు. పద్యం విని మెచ్చుకున్న మనిషే కులం అడిగి తెలుసుకుని లేచిపోయిన అనుభవం ఆయనది. వంతెన అంటే ఇదీ. రెండు ఒడ్లవాళ్లూ తొక్కుతారు, ఏ ఒడ్డున నిలబడటానికీ చోటివ్వరు.

1932 నాటి ‘పిరదౌసి’ చూడండి. గజనీ సుల్తాను బంగారం ఇస్తానని షానామా రాయించుకుని, చివరికి వెండి నాణేలు పంపాడని కథ. చరిత్రకారులు దాన్ని ఐతిహ్యమనే అంటారు. జాషువాకు కావలసింది అందులోని అన్యాయం. పని చేయించుకుని కూలి ఎగ్గొట్టడం ఎలా ఉంటుందో వాడకు ఎవరూ నేర్పక్కర్లేదు. గజనీ మహమ్మదు అనగానే గుళ్లు కొల్లగొట్టిన తురక అని మాత్రమే చెప్పే చదువుల మధ్య, ఒక క్రైస్తవ దళితుడు పారశీక ముస్లిం కవి దుఃఖాన్ని తెలుగు పద్యంలో తన దుఃఖం చేసుకున్నాడు. పరమత సహనం అనే మాట దీనికి సరిపోదు. సహనం పైనున్నవాడు చూపించేది. ఇది దగాపడ్డవాడు దగాపడ్డవాణ్ని గుర్తుపట్టడం.

1941 నాటి ‘గబ్బిలం’ ఇంకా లోతైంది. కాళిదాసు యక్షుడు మేఘాన్ని భార్య దగ్గరికి పంపాడు. జాషువా అరుంధతీసుతుడు గబ్బిలాన్ని శివుడి దగ్గరికి పంపాడు. గర్భగుడిలో గబ్బిలం వేలాడొచ్చు, మనిషి అడుగు పెట్టకూడదు. చర్చిలో పెరిగిన కవి తన మొర క్రీస్తుకు కాకుండా శివుడికెందుకు వినిపించాడని కొందరు అడుగుతారు. ఏ తలుపు మూసి ఉందో ఆ తలుపే కదా తట్టాలి! పైగా చర్చిలోకి పోయినా కులం వెంటే వచ్చింది. క్రీస్తు మీద ప్రేమ తగ్గిందనీ కాదు. తర్వాత 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చింది ‘క్రీస్తు చరిత్ర’ కావ్యమే.

ఆ తర్వాత సన్మానాలకు కొదవ లేదు. 1970లో పద్మభూషణ్ ఇచ్చారు, 1971 జూలై 24న ఆయన పోయారు. సన్మానించినవాళ్లు ఆయన్ని ‘విశ్వకవి’ని చేసి, అంటరానితనం మీద ఆయన పెట్టిన ఫిర్యాదును పక్కన పెట్టారు. 1985 కారంచేడు తర్వాత దళిత ఉద్యమం ‘గబ్బిలం’ను మళ్లీ చేతిలోకి తీసుకున్నప్పుడే ఆ ఫిర్యాదు వినబడింది. ఇప్పటికీ తరగతిలో జాషువా పద్యం చెప్పే టీచర్లలో చాలామంది శయ్య, ధార చెప్పి, కులం దగ్గరికొచ్చేసరికి పేజీ తిప్పేస్తారు.

జాషువా కూతురు హేమలత నాస్తికోద్యమకారుడు గోరా కొడుకు లవణంను పెళ్లి చేసుకుంది. క్రైస్తవ దళిత కవి బిడ్డ నాస్తికుల ఇంటి కోడలైంది. నిజామాబాదు జిల్లాలో జోగినుల మధ్య ఆమె ఏళ్ల తరబడి పనిచేసింది. ఆ పనితో పాటు వచ్చిన ఒత్తిడి వల్ల 1988లో ఆంధ్రప్రదేశ్ దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. రాయదుర్గం నుంచి ఆదోని దాకా కన్నడ సరిహద్దు పల్లెల్లో ఈ దురాచారాన్ని జోగిని అనరు, బసివి అంటారు. దేవుడి పేరు మీద ఊరికి విడిచిపెట్టింది ఎక్కువగా మాదిగ, మాల ఆడపిల్లల్నే. ఆ చట్టం నిర్వచనంలో జోగిని, మాతమ్మలతో పాటు బసివి అనే మాట కూడా ఉంది.