సింగపూరు నదీతీరమున ఒక దినము

సింగపూరు నది పేరునకు నదియే గాని, దాని పొడవు సుమారు మూడు కిలోమీటర్లు మాత్రమే. మన డెల్టా పంటకాలువలలో దానికంటె పొడవైనవి ఎన్నియో కలవు. అయినను ఇంత చిన్న నీటిపాయ అంత పెద్ద నగరమును పెంచి పోషించినది. నేడు దాని రెండు గట్లును అంగళ్లతోను, భోజనశాలలతోను నిండియున్నవి. సాయంకాలమైనంతనే కార్యాలయములనుండి వెలువడిన ఉద్యోగులును, దేశదేశముల యాత్రికులును నీటి అంచున బల్లలచుట్టు చేరుదురు. వారిలో మన తెలుగువారును ఉందురు. సింగపూరు తెలుగు సమాజము 1975లోనే ఏర్పడినది. ఒక దినమంతయు తొందర లేక గడపదలచినవారికి అది మిక్కిలి అనువైన తావు. రండి, మనమును ఉదయము మొదలు రాత్రి దాక ఆ గట్టు వెంట నడచివత్తము. ఆ తీరమునకు ఈ తీరిక ఎట్లు వచ్చినదో, అందులకై ఎవరెవరు చెమటోడ్చిరో నడచుచునే తెలిసికొందము.

ఉదయము నదీముఖమువద్ద మొదలిడుదము. అక్కడ 1928లో కట్టిన ఫుల్లర్టన్ భవనము కలదు. ఒకప్పుడు అందు పెద్ద తపాలా కార్యాలయము ఉండెను. 2001 నుండి అది హోటలు. 1819 జనవరిలో స్టాంఫర్డ్ రాఫిల్స్ దిగినది ఈ నదీముఖముననే. ఫిబ్రవరి 6వ తేదీన ఆయన జోహోరు సుల్తానుతోను, స్థానికాధిపతియైన తెమెంగోంగుతోను ఒడంబడిక వ్రాసికొని, ఈస్టిండియా కంపెనీకి ఇచట వ్యాపారస్థావరము నెలకొల్పెను. ఈ రేవున సరకులపై సుంకము లేదని ప్రకటించుటయే ఆయన వేసిన ఎత్తు. ఆ ఒక్క మాట విని చీనానుండియు, భారతదేశమునుండియు, చుట్టుపట్ల దీవులనుండియు వర్తకులు ఓడలు త్రిప్పిరి.

వంతెన దాటి దక్షిణపు గట్టు పట్టినచో బోట్ కీ వచ్చును. అనగా పడవల రేవు. నేడు గట్టిరాళ్లు పరచిన ఈ నేల ఆ దినములలో ఆటుపోట్లకు మునుగు బురదకయ్య. 1822లో రాఫిల్స్ సమీపమందలి ఒక గుట్టను త్రవ్వించి, ఆ మన్నుతో దీనిని పూడ్పించెను. గుట్ట ఉన్నచోటు నేటి రాఫిల్స్ ప్లేస్, నగరమున బ్యాంకులకు నెలవు. చీనీయులు, మలయావారు, దక్షిణభారతీయులు కలసి రెండు మూడు వందల మంది కూలీలు ఆ పనిచేసిరి. పూడ్చిన గట్టు నది వంపున చేప కడుపువలె గుండ్రముగా తేలినది. అది సిరులిచ్చు చోటని చీనా వర్తకులు నమ్మి అచ్చటనే కొట్లు కట్టుకొనిరి. 1860ల నాటికి సింగపూరు ఓడవ్యాపారమున నాలుగింట మూడువంతులు ఈ గట్టుననే జరిగెడిదని చెప్పుదురు.

పెద్ద ఓడలు నదిలోనికి రాలేవు. అవి వెలుపల లంగరు వేయగా, అడుగు వెడల్పైన చిన్న పడవలు సరకు చేరవేసెడివి. ఆ పడవల ముక్కులకు ఇరువైపుల కన్నులు చిత్రించెడివారు. దారి చూచుకొనుటకు పడవకును కన్నులు వలయునని వారి నమ్మకము. తొలిదశాబ్దములలో ఈ పడవలు నడపినవారిలో చూలియాలు, అనగా దక్షిణభారతపు ముస్లిములు, ముఖ్యులు. తరువాత ఆ వృత్తి చీనీయులలోని హొక్కియెన్, తియోచ్యూ వర్గముల చేతికి పోయెను. దక్షిణభారతీయులందరిని మలయావారు ఒకే పేరుతో క్లింగులని పిలిచెడివారు. ఆ మాట మన కళింగ శబ్దమునుండి పుట్టినది. కాలక్రమమున అది తిట్టుగా మారినది. రేవుకు వెనుకనున్న క్లింగు వీథియు చూలియా వీథిగా పేరు మార్చుకొన్నది.

మధ్యాహ్నమైనది, ఎండ తీవ్రముగా ఉన్నది. కొట్లముందు వరుసగా సాగిన వసారాలోనికి పోదము. ప్రతి ఇంటి ముందును కొంత వెడల్పున నీడబాట విడువవలెనని 1822 నాటి నగర ప్రణాళికయందే ఆజ్ఞ కలదు. అందుచే ఎండ వానలు తగులకుండ వీథి పొడవునను నడువవచ్చును. క్రింద కొట్టు, పైన నివాసము. ఇది ఆ ఇండ్ల అమరిక. ఇపుడు క్రింద భోజనశాలలు. అందు మిరప పులుసులో వండిన పీత ప్రసిద్ధమైన వంటకము. అది 1950ల ప్రాంతమున, ఇదే నగరములోని కల్లాంగ్ నది ఒడ్డున ఒక తోపుడుబండిమీద మొదలైనదని చెప్పుదురు. మనమిపుడు నింపాదిగా భుజించు ఈ తావుననే ఒకప్పుడు కూలీలు బియ్యపు బస్తా మూపున వేసికొని, పడవనుండి గట్టునకు వేసిన సన్నని పలకమీద నడచెడివారు. మోసిన బస్తాకొక పుల్ల చొప్పున చేతికిత్తురు. ప్రొద్దుగూకిన పిమ్మట పుల్లలు లెక్కించి కూలి ముట్టజెప్పుదురు. వారి భోజనము నిలుచున్నచోటనే, బండివాని వద్ద కొన్న గంజియు ఉప్పుచేపయు.

ఇట్టి పాటు నూటయేబది యేండ్లు సాగినది. సాగుచున్నకొలది నది చెడినది. పడవల చమురు, బండ్లవారి ఎంగిళ్లు, ఎగువనున్న పందుల దొడ్ల మలినము, మురుగు పారుదల లేని గుడిసెల మురికి అన్నియు అందులోనికే. నీరు నల్లబడి, దుర్గంధము భరింపరానిదాయెను. 1977లో ప్రధానమంత్రి లీ క్వాన్ యూ పదియేండ్లలో నదిని శుభ్రపరచవలెనని అధికారులను కోరెను. సింగపూరు, కల్లాంగ్ నదుల పరీవాహకములో సుమారు 26,000 కుటుంబములను ప్రభుత్వము కట్టిన ఇండ్లకు తరలించిరి. సుమారు 5,000 మంది వీథి విక్రేతలకు కప్పుగల భోజనకేంద్రములు చూపిరి. 1983లో సుమారు ఎనిమిదివందల పడవలను పాసిర్ పంజాంగ్ రేవునకు పంపివేసిరి. గడువు ప్రకారము 1987లో పని ముగిసినది. నదిలోనికి చేపలు తిరిగి వచ్చినవి.

ఈ పనిని తప్పుపట్టుట న్యాయము కాదు. గుడిసెలలో మురుగు నడుమ పుట్టి పెరిగిన బిడ్డలకు కుళాయి నీరును, విద్యుద్దీపమును లభించినవి. కాని తాతలనాటినుండి నదినే నమ్ముకొన్న పడవవాని మాట వేరు. అతనికి తెలిసిన పోటు, పాటు, వంతెన క్రింద వంగి దూరు నేర్పు క్రొత్త రేవున కొరగాలేదు. ఒక్క ఏటిలో ఒక వృత్తి నదిని విడిచిపోయెను. ఇపుడు గట్టు వెంట కంచు బొమ్మలు కలవు: బస్తాలు మోయు కూలీలు, పద్దు వ్రాయు చెట్టియారు, నీటిలోనికి దుముకు బాలురు. మనుష్యులను తరలించి, వారి ప్రతిమలను నిలిపినారు. ఆ బొమ్మలయెదుట క్షణకాలము నిలువక ముందుకు పోరాదు.

మూడవ జామున ఎగువకు నడచిన క్లార్క్ కీ చేరుదుము. 1873 నుండి 1875 దాక గవర్నరుగా ఉన్న ఆండ్రూ క్లార్క్ పేర ఏర్పడిన రేవు ఇది. ఇచట మిరియములు మొదలగు సరకులు నిలువచేయు గిడ్డంగులు ఉండెడివి. మన గిడ్డంగి, తమిళుల కిడంగు, మలయావారి గుడాంగ్, ఆంగ్లేయుల గోడౌన్ ఒకే కుటుంబపు మాటలని పదకోశకారులు చెప్పుదురు. సరకుతోపాటు మాటయు ఓడనెక్కినది! 1989లో బోట్ కీని, క్లార్క్ కీని రక్షిత ప్రాంతములుగా ప్రకటించిరి. గోడలు పడగొట్టక, లోపల మాత్రము మార్చి, 1993లో క్లార్క్ కీని అంగళ్లకును వినోదములకును తెరచిరి.

ప్రొద్దుగూకినది. ఇచట నదిపై 1889లో కట్టిన రీడ్ వంతెన కలదు. మన రేడియో శ్రోతలు ముఖ్యముగా చూడదగినది ఇదియే. ఒకప్పుడు సాయంకాలము పని దిగిన తియోచ్యూ కూలీలు ఈ వంతెనమీద గుమికూడెడివారు. కథకుడు చిన్న దీపము పెట్టుకొని, అగరువత్తి వెలిగించి, వారి భాషలో మూడు రాజ్యముల వీరగాథ చెప్పెడివాడు. వత్తి కాలిపోవుసరికి కథ ఆపి కాసులడుగును. క్రొత్త వత్తి వెలిగినగాని కథ సాగదు. చదువురాని కూలివానికి స్వదేశపు చరిత్ర చేరినది ఈ వంతెనమీదనే. 1949లో రీడిఫ్యూజన్ అను తంతిరేడియో సంస్థ వచ్చి, అట్టి కథలనే ఇంటింటికి పంపినది. వంతెనమీది గుంపు పలుచబడెను. అయినను శ్రోతలు వేలకువేలైరి. పిమ్మట మాండరీను భాషకు ప్రోత్సాహమిచ్చు విధానమువలన 1982 నాటికి ప్రాంతీయ భాషలలోని ఆ రేడియో కథలును ఆగిపోయెను. పడవలు పోయిన కాలమునందే ఆ గొంతులును మూగవోయినవి.

రాత్రి నదిపై దీపముల నీడలు కదలుచుండును. 2008లో మరీనా ఆనకట్ట వచ్చినది మొదలు ఈ నదికి సముద్రపు ఆటుపోట్లు లేవు. ఒకప్పుడు ఉప్పునీరు ఎక్కివచ్చిన పాయ నేడు నగరమునకు మంచినీటి జలాశయములో భాగము. వెనుకటి సరకు పడవల రూపమున కట్టిన పడవలు యాత్రికులను త్రిప్పుచున్నవి. మనమును ఒకటి ఎక్కి మరల నదీముఖమునకు పోదము. తీరికను అనుభవించుట దోషము కాదు. కష్టించినవారు కోరినదియు తమ బిడ్డలకు అట్టి తీరికయే. వారు మోసిన బస్తాల బరువును, వారు విన్న కథల రుచిని ఎరిగి కూర్చున్నపుడే ఆ విశ్రాంతికి నిండుదనము వచ్చును.