జైలు గోడ మీద కరెంటు తీగ

చంద్రగిరి చుట్టుపక్కల అడవి అంచున ఉండే మనవాళ్లు తేనెకు పోతారు, చీపురు పుల్లకు పోతారు. ఖాకీ చొక్కా కనబడి "ఆగు" అంటే ఆగిపోతారు. తేనె సేకరించుకునే హక్కు 2006 అటవీ హక్కుల చట్టంలోనే ఉంది. అయినా "ఏ చట్టం కింద ఆపుతున్నారు సార్?" అని అడిగేవాళ్లు తక్కువ. అధికారి కాబట్టి అధికారం ఉండే ఉంటుందని మనం అనుకుంటాం. సరిగ్గా ఈ ప్రశ్ననే జైల్లో ఉన్న ఖైదీలు సుప్రీంకోర్టు దాకా తీసుకుపోయారు.

అది శ్రీకాకుళం గిరిజనులు భూమి కోసం, కూలి కోసం భూస్వాములతోనూ షావుకార్లతోనూ తలపడిన కాలం. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు తూటాలకు బలయ్యారు. పోరాటం సాయుధమైంది, అరెస్టులు పెరిగాయి. విశాఖపట్నం సెంట్రల్ జైల్లో నక్సలైట్ ఖైదీలు పారిపోకుండా అధికారులు గోడ మీద హైవోల్టేజి కరెంటు తీగ లాగారు. గోడ బయట సాయుధ పోలీసులను దించారు. ఖైదీ డి. భువన్ మోహన్ పట్నాయక్, ఆయన సహచరులు దీన్ని సవాలు చేస్తూ నేరుగా సుప్రీంకోర్టులో రిట్ వేశారు.

1974లో వచ్చిన తీర్పును జస్టిస్ వై.వి. చంద్రచూడ్ రాశారు. శిక్ష పడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ పోవని అందులో స్పష్టంగా ఉంది. మరి ఆ తీగ ఏ చట్టం ప్రకారం పెట్టారు? ప్రభుత్వం చూపగలిగింది శాఖ లోపలి ఆదేశాలనే. అవి చట్టం కావని, ప్రాథమిక హక్కును తాకే పనికి చట్టం ఆధారం ఉండాలని కోర్టు చెప్పింది.

అయినా ఖైదీలు ఓడిపోయారు. రోజువారీ పనుల్లో ఎవరికీ ఆ తీగ తగలదు, గోడ ఎక్కేవాడికే తగులుతుంది, పారిపోయే హక్కు ఎవరికీ లేదు కాబట్టి ఇక్కడ హక్కుల భంగమే జరగలేదని కోర్టు భావించింది. బయట పోలీసు కాపలానూ తప్పు పట్టలేదు. రిట్ కొట్టేశారు.

ఈ వాదన మాకు మింగుడుపడదు. కస్టడీ నుంచి పారిపోయినవాడికి అప్పటి శిక్షాస్మృతి 224వ సెక్షన్ ప్రకారం పడేది గరిష్ఠంగా రెండేళ్ల జైలు. తీగ మాత్రం విచారణ లేకుండా ప్రాణమే తీస్తుంది.

ఓడిన కేసని ఆ తీర్పును పక్కన పెట్టకూడదు. ఖైదీకీ హక్కులుంటాయన్న మాట అందులో నిలిచిపోయింది. మన రాయలసీమలోనే ఇంకో కేసు ఉంది. 1977 మేలో కోయిలకుంట్ల సబ్‌జైలు మీద బాంబులు వేసి, లోపలున్న ఖైదీ చల్లా చిన్నప్పరెడ్డిని చంపారు. గాయపడి బతికిన కొడుకు రామకృష్ణారెడ్డి పరిహారం కోసం దావా వేశారు. జైళ్లు నడపడం సార్వభౌమాధికారం కిందికి వస్తుందని, దానిమీద దావా చెల్లదని ప్రభుత్వం వాదించింది. ఆ వాదన చెల్లదని సుప్రీంకోర్టు 2000లో తేల్చింది, అంటే హత్య జరిగిన 23 ఏళ్లకు.