గోదావరిని దాటడం తెలిసినవాళ్ళు

మన సాంఘికశాస్త్రం పాఠంలో గోదావరి త్ర్యంబకం దగ్గర పుడుతుంది, కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెడుతుంది, 1,465 కిలోమీటర్లు పారి సముద్రంలో కలుస్తుంది. పిల్లలు పరీక్షలో అదే రాస్తారు, మార్కులు పడతాయి. ఆ నదిని ఎవరు, దేనిమీద, ఎట్లా దాటారన్నది మాత్రం పాఠంలో ఉండదు. ఆదివారం నాడు అలీసాగర్‌లోనో అశోక్‌సాగర్‌లోనో బోటు తొక్కి వచ్చిన పిల్లవాడు "గోదావరి కూడా ఇంతే కదా సార్" అంటాడు. చెరువులో నీళ్ళు నిలబడి ఉంటాయి, నదిలో నడుస్తాయి. ఈ ఒక్క తేడా తెలియక ప్రాణాలు పోతున్నాయి.

బోధన్ చెరకు నేలలో ఈ తేడా మరిచిపోవడానికి చారిత్రక కారణం ఉంది. 1923లో మంజీర మీద నిజాంసాగర్ పని మొదలై 1931లో పూర్తయింది. కాలువ వెంట చెరకు వచ్చింది, 1937లో బోధన్‌కు చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. అప్పటినుంచి ఇక్కడ నీళ్ళంటే కాలువ. వంతు ప్రకారం వస్తాయి, లష్కర్ తూము ఎత్తితే పారతాయి, దించితే ఆగుతాయి. (లష్కర్ అన్న మాట ఒకప్పుడు ఓడల్లో పనిచేసే కళాసీలకు వాడింది. మన దగ్గర కాలువ గట్టు మీదికి చేరింది.) ఫ్యాక్టరీ 2015లో మూతపడింది గానీ, నీళ్ళు మన చేతిలో ఉంటాయన్న ఆ అలవాటు పోలేదు.

అంతకుముందు మంజీర, గోదావరి దాటాలంటే పుట్టే దిక్కు. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లిన పెద్ద గంప, అడుగున తోలు. తర్వాత తోలు బదులు తారు పూసిన పట్టా వచ్చింది, ఇప్పుడు ఫైబర్. దీనికి ముందూ వెనకా లేవు, చుక్కాని లేదు, ఒక తెడ్డు చాలు. బండరాయికి తగిలినా గిర్రున తిరుగుతుంది గానీ పగలదు. మన జిల్లాలో దీన్ని నడిపింది ఎక్కువగా గంగపుత్రులు, బెస్తలు. తండాలవాళ్ళు, గూడేలవాళ్ళు ఎక్కి దాటినవాళ్ళు. పుట్టివాడు ఎదుటి ఒడ్డుకు సూటిగా పోడు. ముందు ఇవతలి ఒడ్డు వెంట, నీటి ఉరవడి తక్కువ ఉన్నచోట, పుట్టిని ఎగువకు లాక్కుపోతాడు. అక్కడ అందరినీ అడుగున కూర్చోబెట్టి, వాలుగా వదులుతాడు. నది కిందికి తోస్తుంటే అతను అడ్డంగా తెడ్డు వేస్తాడు. దిగాల్సిన రేవుకు సరిగ్గా చేరతాడు. ఇది పుస్తకం చదివి నేర్చిన లెక్క కాదు, కానీ లెక్కే. ఎనిమిదో తరగతి పిల్లలకు నల్లబల్ల మీద రెండు బాణం గీతలతో చూపించవచ్చు.

ఇదే నది దిగువకు పోయి భద్రాచలం దాటాక కథ మారుతుంది. అక్కడ మనవాళ్ళు ఎక్కినవాళ్ళే కాదు, నడిపినవాళ్ళు కూడా. పాపికొండల మధ్య కొండరెడ్లకు మాను తొలిచిన దోనె ఇంటి సామాను లాంటిది. 1945లో కొండరెడ్ల మీద పుస్తకం అచ్చువేసిన హైమెండార్ఫ్ ఆ దోనెల గురించి రాశాడు. వాళ్ళ చేత వెదురు నరికించి, తెప్పలుగా నది మీద దింపించుకున్న వ్యాపారుల దోపిడీ గురించీ రాశాడు.

ఆ నదిని పెద్ద పడవల దారిగా మార్చాలని ఇంగ్లీషు ఇంజనీర్లు చాలా కష్టపడ్డారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొరది ఈ ఆశ. సముద్రం నుంచి మధ్య భారతం పత్తి పొలాల దాకా పడవలు పోవాలన్నాడు. దారిలో దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి దగ్గర మూడు రాతి అడ్డులు. 1860ల్లో ఆనకట్ట, కాలువ, లాకులు కట్టడం మొదలుపెట్టారు. ఈలోగా 1867లో నాగపూర్‌కు బొంబాయి నుంచి రైలే వచ్చింది. ఖర్చు పెరిగింది, 1871లో పని ఆపేశారు. చరిత్ర పుస్తకం కాటన్ ఆశను రాసింది. అదే రాళ్ళ మధ్య, ఏ నెలలో పోవచ్చో ఏ నెలలో పోకూడదో ఎరిగి, దోనెలు నడిపినవాళ్ళను రాయలేదు.

2018 మే 15న దేవీపట్నం మండలంలో, మంటూరు దగ్గర గాలివానకు ఒక లాంచీ మునిగింది. అందులో ఎక్కువమంది పని చూసుకుని ఊళ్ళకు తిరిగి పోతున్న గిరిజనులు. సిమెంటు బస్తాలు కూడా ఎక్కించారు. వాన కొడుతోందని తలుపులు మూశారు, అందువల్ల లోపలివాళ్ళు బయటపడలేకపోయారు. మరుసటి ఏడాది సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. ఆ రోజు నదిలో దాదాపు 5 లక్షల క్యూసెక్కుల వరద. ఎక్కిన 77 మందిలో 26 మంది బతికారు. ఒడ్డు పల్లెల గిరిజనులు తమ నాటుపడవల్లో పోయి వాళ్ళను లాగారు. అంత వరదలో చిన్న పడవ తిప్పడం వాళ్ళకు చేతనైంది. బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, తాళ్ళతో అక్టోబరు 22న పైకి తెచ్చింది. ఆ సుడుల చోటు ఎట్లాంటిదో ఆ పల్లెలవాళ్ళకు తెలుసు. బోటు కదిలేముందు వాళ్ళను అడిగే పద్ధతి ఉంటే ఏమయ్యేదో అని నేను చాలాసార్లు అనుకుంటాను.

మన కందకుర్తి దగ్గర సుడుల కన్నా గేట్లతో ప్రమాదం. ఎగువన మహారాష్ట్రలో బాబ్లీ ఉంది. 2013 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం జులై 1 నుంచి అక్టోబరు 28 దాకా దాని గేట్లు ఎత్తి ఉంచాలి. మంజీర మీద నిజాంసాగర్ గేట్లు వేరే. ఇక్కడ చినుకు పడకపోయినా నీళ్ళు వస్తాయి. నీటి రంగు ఎర్రబడినా, నురగ, పుల్లలు కొట్టుకొచ్చినా ఒడ్డుకు రావాల్సిందే, ఇంకొక ఫోటో అని ఆగకూడదు. దిగువన శ్రీరాంసాగర్ నిండితే వెనుకనీరు పరుచుకుని చెరువులా కనిపిస్తుంది. దాని అడుగున పాత పొలాలు, మోళ్ళు ఉన్నాయి. మంజీరలో ఇసుక తవ్విన గుంతలు కొత్తవి, పుట్టి నడిపిన ముసలాయనకు కూడా అవి ఎక్కడున్నాయో తెలియదు. గెడ వేసి లోతు చూస్తూ పోవడమే దారి. ఆనకట్ట కిందికి పడవ పోనివ్వకూడదు, అక్కడ నీరు వెనక్కి తిరిగి పడవను పట్టుకుంటుంది. లైఫ్ జాకెట్ పడవలో ఉంటే చాలదు, ఒంటిమీద, పట్టీలు బిగించి ఉండాలి.

మా బడి గోడ మీద జులై 1, అక్టోబరు 28 రాసి పెట్టాం. వాటి పక్కన కందకుర్తి, సాలూర, బీర్కూర్ పేర్లు రాశాం. ఒక్కో ఊళ్ళో ఇప్పటికీ పుట్టి వేసేవాళ్ళను పిల్లలు కలిసి, ఏ నెలలో ఏ రేవు దాటేవాళ్ళో అడిగి రాసుకొస్తున్నారు. సాలూర కాగితం నిండింది, బీర్కూర్‌ది సగం ఉంది.