ఒకే ఊపిరితిత్తిలో రెండు రోగములు

విడువని దగ్గు, కఫములో రక్తము, మనిషి చిక్కి శల్యమగుట - వీటన్నిటికి మన పెద్దల నోట ఒకటే పేరు, క్షయ. ఇది మనవారి అజ్ఞానమని ఎవరును అనుకొనరాదు. ప్యారిస్ వైద్యుడు బేల్ 900 శవములను పరీక్షించి, 1810లో క్షయను ఆరు రకములుగా విభజించి, అందులో ఒకదానికి 'క్యాన్సరు క్షయ' అని పేరు పెట్టెను. భేదము కంటికి కనబడినది గాని పాత పేరు మాత్రము వదలలేదు!

1882లో కోఖ్ క్షయ క్రిమిని కనుగొనుటతో రెండును వేరైనవి. అయితే అక్కడనే క్రొత్త చిక్కు మొదలైనది. క్రిమి దొరికినచో వెదకుట ఆగిపోవును. ఈ రెండు రోగములు ఒక దేహములో ఇమడవని వియన్నాలో రొకిటాన్‌స్కీ అంతకు ముందే బోధించియుండెను. అంత గొప్పవాని మాట కాదనుటకు ఎవరికి ధైర్యము? కాని మరణానంతర పరీక్షలలో రెండును ఒకే రోగిలో కనబడుచునే వచ్చినవి. మానిన క్షయ మచ్చ వద్దనే క్యాన్సరు పుట్టవచ్చునని 1939లో జర్మనీలో ఫ్రీడ్రిక్ వ్రాసెను.

మన మదనపల్లె చెంత ఆరోగ్యవరంలో మిషనులు కలిసి 1915లో శానిటోరియము స్థాపించిన నాటికి క్షయకు మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, ఇదే చికిత్స. క్యాన్సరు పేరు తెలిసినను చేయగలిగినది లేదు. 1933లో అమెరికాలో గ్రేహామ్ అను సర్జను క్యాన్సరు సోకిన ఊపిరితిత్తిని పూర్తిగా తీసివేసెను. ఆ రోగియు వైద్యుడే. 1963 వరకు జీవించెను. గ్రేహామ్ మాత్రము 1957లో అదే క్యాన్సరుతో మరణించెను. ఈ ఆపరేషనుతో, రోగమును త్వరగా గుర్తించుట ప్రాణముతో ముడిపడిన సంగతియైనది.

నేటికిని ఎక్స్‌రేలో రెండింటి నీడయు ఒకేలా ఉండవచ్చును. కఫములో క్రిమి కనబడినంత మాత్రమున రెండవది లేదని కాదు. మందులు సరిగా వాడుచుండగా క్రిమి పోయినను నీడ పెరుగుట, బరువు తిరిగి రాకపోవుట, గొంతు బొంగురుపోవుట, ముఖ్యముగా పొగ త్రాగువారిలో, అనుమానించవలసిన గుర్తులు. అప్పుడు సీటీ స్కాను తీసి, గొట్టముతోనో సూదితోనో చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూచెదరు. ముక్క తీసినచో రోగము ప్రాకునను భయముతో చాలమంది వెనుకాడుచున్నారు. టీబీ అని చెప్పుకొనుటకే సిగ్గుపడు మన ఇండ్లలో రెండవ పేరు నోట రానీయరు. నెలలు గడిచిపోవును, ఆపరేషనుకు వీలున్న గడ్డ వీలులేనిదగును.

రెండును ఉన్నవని తేలినను టీబీ మందులు మానిపించరు. సాధారణముగా వాటిని సాగించుచునే రెండవ రోగమునకును చికిత్స చేయుదురు.