'వేట' అనే మాట: చరిత్ర విద్యార్థికి ఒక ఆధారం

ఆదివారం సాయంత్రం మీరు పిల్లలను షికారు తీసుకువెళతారు. పారశీకం నుంచి వచ్చిన ఈ మాటకు అసలు అర్థం వేట. తెలుగులోకి వచ్చాక అందులోని నెత్తురు ఆరిపోయి, సరదా మాత్రమే మిగిలింది. ఎందుకో గమనించండి. షికారు కడుపు కోసం చేసే పని కాదు. అది ప్రభువుల కాలక్షేపం.

సంస్కృత 'మృగయ'దీ అదే దారి. అర్థశాస్త్రం దానిని రాజుల వ్యసనాలలో చేర్చింది. అయినా శరీరానికి వ్యాయామం, గురి కుదరడం వంటి లాభాలు చూపి, జూదం కంటే మేలన్నాడు కౌటిల్యుడు. తిండి కోసం వేటాడేవాడి ప్రసక్తి ఆ చర్చలో లేదు.

మన 'వేట' అలా కాదు. అమ్మవారికి బలి ఇచ్చే మేకపోతు వేటే. జాలరి సముద్రం మీదికి వెళ్లేదీ వేటకే. నల్లమల చెంచులకు దుంపలు, పళ్లు, తేనెతో పాటు వేట కూడా బతుకుతెరువు.

ఇప్పుడు ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చట్టాలు చదవండి. 1882 మద్రాసు అటవీ చట్టం కింద రిజర్వు అడవిలో నిబంధనలు మీరి వేటాడినా, ఉచ్చు పన్నినా నేరమే. లైసెన్సు, తుపాకి ఉన్న దొరకు ఆ నిబంధనలు అడ్డు కాలేదు. నిజాం రాజ్యంలో ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులుల వేటకు పేరు మోశాడు. వైస్రాయి కర్జన్ దంపతులు చచ్చిన పులి దగ్గర నిలబడి తీయించుకున్న ఫొటో మీరు చూసే ఉంటారు. అటువంటి వేటల్లో అడవిని చుట్టుముట్టి, చప్పుళ్లు చేస్తూ జంతువును తుపాకి ముందుకు తోలేది మాత్రం స్థానికులే. ఫొటోల కింద వాళ్ల పేర్లు సాధారణంగా కనిపించవు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 'వేట' అర్థాన్ని ఇంకా విస్తరించింది. చంపడమే కాదు, పట్టడం, బోనులో బంధించడం, పక్షుల గుడ్లు పాడుచేయడం కూడా వేటే. పులి బతకాలంటే ఇంత కట్టడి అవసరమేనని నా అభిప్రాయం. అయితే అదే చట్టం నికోబార్ దీవుల షెడ్యూల్డు తెగల వేట హక్కులకు మినహాయింపు ఇచ్చింది. చెంచులకు ఇవ్వలేదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు చేపల వేట నిషేధం. ఆంధ్రప్రదేశ్‌లో ఆ కాలానికి మత్స్యకారులకు ప్రభుత్వం భృతి ఇస్తోంది. దాని పేరే 'వేట నిషేధ భృతి'. అడవి వేట మానినవారికి అటువంటి భృతి ఏదీ 1972 చట్టంలో లేదు.